మిద్దె మీదికి ఎక్కిన రాళ్ళు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. మాటల మధ్య ఒక అమ్మాయి, "మిద్దెతోట అంటే మట్టి, విత్తనం, నీళ్ళు, అంతే కదమ్మా" అంది. అంతే అయితే నాకు అన్నేళ్ళు పట్టేది కాదు. మట్టి, విత్తనం, నీళ్ళు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది. మిద్దె ఒకరిదే అయినా దాన్ని చూసే కళ్ళు ఊరందరివీ. ఆ సంగతి తెలిసేలా రెండు మూడు అనుభవాలు రాసిపెట్టమని వాళ్ళే అడిగారు. అడిగినందుకు వాళ్ళకు నా నమస్కారం.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే తెలుగు, కన్నడం నేర్పించారు. అక్షరాలు పట్టుబడ్డాక దేవుని స్తోత్రాలు చదివించేవారు. చదివేసి ఊరుకుంటే ఒప్పుకునేవారు కాదు. ప్రతి మాట దగ్గరా ఆపి, "ఇది ఎందుకు ఇట్లుండాదో అడుగు" అనేవారు. అడిగితే చాలా సార్లు ఆయనకూ తెలిసేది కాదు. అయినా అడిగినందుకు సంతోషపడేవారు. నా ఉద్యోగానికి నేను తెచ్చుకున్న చదువు అదే.

తొంభైల చివరలో వానలు వరుసగా ఎగ్గొట్టిన రోజులవి. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు బుక్కరాయసముద్రంలో మా వీధికి ఏదో పని మీద వచ్చి, మా మిద్దె మీద మెంతికూర, చుక్కకూర చూశారు. పల్లెల్లో ఆడవాళ్ళకు ఇట్లా నేర్పిస్తారా అని అడిగారు. అట్లా మొదలైంది.

ముందు ఇంట్లోకి పోయి తల ఎత్తి చూడండి

మీరు ఇప్పుడు చూసేవి సిమెంటు కప్పులు. నేను తిరిగిన పల్లెల్లో ఎక్కువగా మట్టి మిద్దెలు. గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా సన్నటి కొయ్యలు, ఆ పైన బండలో కంపో పరిచి, దాని మీద మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. చౌడంటే పైరు పెరగని తెల్లటి ఉప్పు మట్టి. వాన పడగానే బిగుసుకుని చుక్క నీటిని కిందికి పోనివ్వదు. అందుకే ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు తెచ్చి మిద్దెకు పోస్తారు. పొలంలో ఎవరూ వద్దనుకునే మట్టి ఇంటి నెత్తిన కూర్చుని పిల్లాజెల్లను కాపాడటం చూస్తే నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. దేవుడు దేన్నీ ఊరికే చేయలేదని అప్పుడు అనిపిస్తుంది.

మా పై అధికారి కోస్తా నుంచి వచ్చినాయన. మేము సారు అనేవాళ్ళం. తనకల్లు పక్కన ఒక పల్లెలో మొదటిసారి మిద్దె ఎక్కి, కాలితో నేలను తట్టి, "మట్టి ఉండనే ఉంది కదండీ. కాస్త గుల్ల చేసి తోటకూర చల్లేస్తే సరిపోతుంది" అన్నారు.

ఆ ఇంటి ఆమె కొంగు బిగించి, "సామీ, చౌడు తవ్వితే ఇల్లు కురుస్తాది. అప్పుడు నువ్వొచ్చి మా పిల్లోళ్ళకు గొడుగు పడతావా?" అంది.

"పట్టలేనమ్మా. ఇంకో దారి చెప్పండి."

"దారి చెప్పేదానికి జీతం నీకిస్తాండారు గదా."

సారు నవ్వేశారు. వెనక్కి వచ్చేటప్పుడు జీపులో, "ఆవిడ చెప్పింది నిజమే, మనం జీతానికి పని చేద్దాం" అన్నారు. ఆయనలో నాకు నచ్చిన గుణం అది. మాట పడితే ముడుచుకునేవారు కాదు. నచ్చనిది కూడా చెప్పాలి. ఆయనకు ఫోటోల పిచ్చి. ఎవరో పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారని ఒకసారి అనంతపురం నర్సరీ నుంచి కుండీలు తెప్పించి ఒక మిద్దె నిండా పెట్టించారు. వాళ్ళు వెళ్ళిపోగానే కుండీలూ వెళ్ళిపోయాయి. ఆ ఇంటి పిల్లలు మూడు పూటలా మిద్దెక్కి వెతుక్కున్నారు. మీరు అట్లాంటి పని చేయకండి.

చివరికి మాకు కుదిరిన పద్ధతి ఇది. చౌడును ముట్టుకోకూడదు. యూరియా సంచులు విప్పి, కలిపి కుట్టి, మిద్దె మీద పరవాలి. దాని మీద చెనిక్కాయల పొట్టు, అంటే వేరుశనగ కాయల పొట్టు. మన జిల్లాలో కాయలు ఆడించే మిల్లుల దగ్గర పొట్టు కొండలుగా పడి ఉంటుంది, బరువుండదు, తడిని పట్టుకుంటుంది. ఆ పైన చెరువు మట్టి, పేడ ఎరువు కలిపి పలుచగా పోయాలి. ఇదంతా గోడ ఉన్న చోటనే. నట్టనడి మిద్దెలో బరువు పెడితే దూలం వంగుతుంది. అందుకే మిద్దెక్కే ముందు ఇంట్లోకి పోయి తల ఎత్తి చూడమంటాను. ఏ దూలం ఎక్కడ ఆనుకుని ఉందో కిందినుంచే తెలుస్తుంది.

నీళ్ళు, పూలు, గాలి

నీళ్ళ సంగతి నేను అనుకున్నంత సులువు కాదు. బియ్యం కడిగిన నీళ్ళు మడికి పోయమని చెప్పాను. ఒక ఇల్లాలు నన్ను పైకీ కిందికీ చూసింది. "అక్కా, అవి ఎనుము నీళ్ళు. దాని నోటి కాడివి తీసి కూరాకుకు పోస్తే అది పాలిస్తాదా, నువ్విస్తావా?" అంది. కుడితి మీద హక్కు ఇంటి గేదెదే. దాని జోలికి పోకుండా, కాళ్ళూ చేతులూ కడిగే చోట ఒక పాత కుండ పెట్టించాం. ఆ నీళ్ళు మోసుకుపోయి, అడుగున చిల్లి పెట్టి గుడ్డవత్తి దోపిన ఇంకో కుండలో పోసి, మడి మధ్యలో పాతిపెట్టాం. చుక్క చుక్కగా వేళ్ళకు అందేవి.

బీరతీగ ఒక ఏడు నన్ను బాగా సతాయించింది. పూలు పూస్తాయి, పిందె నిలవదు. ఎందుకో అర్థం కాలేదు. ఒక సాయంత్రం దీపం పెట్టే వేళకు మా మిద్దె మీదే కూర్చుండిపోయాను. అప్పుడు విచ్చుకున్నాయి పూలు. నేల మీద తోటల్లో ఆ వేళకు చిన్న చిన్న రెక్కల పురుగులు వచ్చి వాలతాయి. మిద్దె మీద గాలి విసురుకు అవి నిలబడటం లేదు. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు తాకించాను. ఆ పూట దేవుని దగ్గర దీపం ఆలస్యమైంది. ఆయన ఏమీ అనుకోలేదని నా నమ్మకం. పిందె నిలిచింది.

ఆ గాలే అన్నిటికీ మూలం. ఆషాఢంలో మన మెట్టల మీద వీచే గాలి మీకు తెలుసు. తడిక కట్టినా, గోనె కప్పినా ఎగరేసుకుపోతుంది. పరిచిన సంచుల అంచులు లేచిపోతే మట్టి అంతా వీధిలో పడుతుంది. తనకల్లు పక్క ఆడవాళ్ళు అంచుల చుట్టూ రాళ్ళు పేర్చారు. పెద్ద బండలు మొయ్యలేరు కాబట్టి చేతికి ఇమిడే రాళ్ళు ఏరుకొచ్చారు. చక్కగా కుదిరింది. అప్పటినుంచి ఏ ఊరికి పోయినా ముందు రాళ్ళు ఏరించేదాన్ని.

రామలక్ష్మి మిద్దె

పామిడికి అవతల ఒక ఊరు. పేరు రాయను. అక్కడ నారాయణప్ప అని భూమీ పలుకుబడీ ఉన్న రైతు. ఆయన కోడలు రామలక్ష్మి, బళ్ళారి పక్క పిల్ల. కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. అత్త లేదు, చనిపోయింది. ఆ పిల్లకు అప్పుడు ఐదో నెల. పొద్దు గుంకితే కళ్ళు ఆనేవి కావు. గోడ పట్టుకుని నడిచేది. నర్సు మాత్రలు ఇచ్చి, ఆకుకూరలు బాగా తినమంది. ఆ కరువులో ఆ ఇంటికి ఆకు ఎక్కడ దొరుకుతుంది? సంతకు మగవాళ్ళు పోయి నిలవ ఉండే ఉల్లిగడ్డలు, ఉర్లగడ్డల్లాంటి దుంపలు తెచ్చేవారు. పెద్దింటి కోడలు పొలం గట్ల మీద ఆకు ఏరుకోవడానికి పోకూడదు. ఆమెకంటూ ఉన్న చోటు మిద్దె ఒక్కటే.

నారాయణప్ప మొదట వద్దన్నాడు. "మిద్దె మీద అడవి పెంచి మమ్మల్ని కోతుల్ని చేస్తావా యేమమ్మా" అన్నాడు. కోడలు సాయంత్రం గడప తట్టుకుని పడబోవడం ఒకనాడు ఆయన కంటబడింది. మరుసటి వారం ఆయనే కబురు పంపాడు.

పొట్టు, మట్టి ఒక రోజు ఎక్కించాం. రాళ్ళు ఎక్కించడం మిగిలింది. నారాయణప్పా, రామలక్ష్మి భర్తా కోర్టు వాయిదాకు అనంతపురం పోయి ఆ రాత్రికి అక్కడే ఉండిపోయారు. ఆ పిల్లకు తోడుగా నేను ఆ ఇంట్లోనే పడుకున్నాను. ఎండెక్కితే పని చేయలేమని, తెల్లవారకముందే పక్క ఊరి నుంచి వచ్చిన ఇద్దరు కూలి ఆడవాళ్ళతో గంపల్లో రాళ్ళు మోయించడం మొదలుపెట్టాను.

ఇంత చదివాక మీకు అనుమానం రాలేదంటే మీరు ఆ ఊరివాళ్ళు కారు. నాకూ రాలేదు. రామలక్ష్మికీ రాలేదు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడమనిషి ఒక్కతి ఆ ఇంట్లో ఉన్నా మొదటి గంపకే ఆపేసేది.

పొద్దెక్కాక టీ తాగుదామని ఖాదర్ అంగడికి పోయాను. బస్సు ఆగే చోట ఉంటుంది ఆ అంగడి.

"టీ లేదక్కా" అన్నాడు ఖాదర్.

"పొయ్యి మండుతాంది గదప్పా."

"ఆర్పేస్తాండా. పామిడి బస్సు వచ్చే టైమయింది. నువ్వు దాంట్లో పో."

"ఎందుకు పోవాల?"

"ఎందుకంటావా? మిద్దె మీదికి రాళ్ళు ఎక్కిచ్చి, ఎందుకంటావా?"

"అవి కూరాకు మడికి ఖాదర్."

"రాయి మొగాన రాసుండాదా అక్కా, కూరాకుకా తలకాయకా అని?"

అప్పుడు చెప్పాడు. నారాయణప్ప ఇంటికి వీధి అవతల ఎదురుగా ఉన్నది వెంకటరాముడి ఇల్లు. పంచాయతీ ఎన్నికల దగ్గర రెండు ఇళ్ళకూ పగ. ఒకనాడు రెండు మిద్దెల మీది నుంచీ రాళ్ళు లేచాయి. వెంకటరాముడి తమ్ముడికి చెయ్యి పడిపోయింది. నారాయణప్ప వాయిదాలకు తిరుగుతున్నది ఆ కేసుకే. ఆనాడూ మొదట ఒక మిద్దె మీదికి రాళ్ళు ఎక్కాయి. అదీ తెల్లవారకముందే. మగవాళ్ళు ఊళ్ళో లేనట్టు కనిపిస్తూ.

నేను వీధిలోకి తిరిగి వచ్చేసరికి వాకిళ్ళు మూసి ఉన్నాయి. కుళాయి దగ్గర బిందెలున్నాయి, ఆడవాళ్ళు లేరు. ఎదురు మిద్దె మీద ఇద్దరు మనుషులు గంపలు ఒంపుతున్నారు. ఏం ఒంపుతున్నారో శబ్దం చెప్పింది.

రామలక్ష్మికి చెప్పగానే ఆ పిల్ల గంప అందుకుంది. "దించేద్దాం అక్కా. నాకు కూరాకు వద్దు. ఇట్లే ఉంటా" అంది.

ఇంతలో బస్సు దిగి నారాయణప్ప, కొడుకు వచ్చారు. వీధి మొదట్లోనే ఆయనకు సంగతి అందింది. గుమ్మంలోకి రాగానే, "ఎవరు ఎక్కిచ్చినారు?" అన్నాడు.

"నేనే నారాయణన్నా."

"మంచి పని చేసినావు తల్లీ. ఒక కేసుకే చెప్పులరిగిపోతాండాయి. ఈడ నువ్వు ఇంకోటి తయారు చేసినావు."

"ఇప్పుడే దించేస్తా."

"దించేదానికి లేదు."

"ఎందుకన్నా?"

"ఇప్పుడు దించితే, మమ్మల్ని చూసి బెదిరి దించుకున్నారంటారు. రేపు నా కొడుకు ఈ వీధిలో తలెత్తుకోని నడవల్ల గదా."

"ఉంచితే?"

"ఉంచితే వాండ్లూ ఉంచుతారు. పొద్దు గూకేలోపల ఎవుడో ఒకడు చెయ్యెత్తుతాడు."

ఆయన కొడుకు అప్పటికే మిద్దె మెట్ల వైపు చూస్తున్నాడు. రామలక్ష్మి ఆ మెట్ల మొదట కూర్చుంది, లేవలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని అట్లా అడ్డంగా కూర్చున్న ఆ పిల్లను దాటి ఎవరూ ఎక్కలేకపోయారు.

రాళ్ళు ఉండకూడదు, దిగకూడదు. నేను కదిరి నరసింహస్వామిని తలుచుకున్నాను. స్వామి జవాబు చెప్పాడని రాయను, నాకు ఏ మాటా వినపడలేదు. కానీ గుర్తుకొచ్చింది ఒకటుంది. ఆ ఊళ్ళో విత్తనం అడిగిన మనిషిని వట్టి చేతులతో పంపరు. మాటల్లేని ఇళ్ళ మధ్య కూడా మూడో మనిషి చేతి మీదుగా విత్తనం నడుస్తుంది. విత్తనాలు సేకరించేటప్పుడు నేను విన్న సంగతి అది. నేను మూడో మనిషినే కదా అనుకుని ఎదురింటికి పోయాను.

చెన్నమ్మవ్వ

వెంకటరాముడి తల్లి చెన్నమ్మవ్వ పడసాలలో మంచం మీద ఉంది. మోకాళ్ళు పని చేయవు. వెంకటరాముడు, మరో నలుగురు మగవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు.

"అవ్వా, మీ ఇంట్లో పాత బీర విత్తనాలు ఉండాయంట. కొన్ని ఇస్తావా?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కొడుకును చూసింది.

"యాడ నాటతావు?"

"ఎదురింటి మిద్దె మీద."

"రాళ్ళ నడుమనా?"

"రాళ్ళు గాలికవ్వా. సంచులు లేచిపోకుండా అంచులకు పెడతారు. తనకల్లు పక్క అందరూ అట్లే పెట్టినారు."

వెంకటరాముడు మధ్యలో అందుకున్నాడు. "అమ్మా, దీన్ని వాండ్లే పంపిచ్చినారు. మనల్ని ఏమార్చేదానికి."

"ఏమారేదానికి నువ్వుండావు, నేను గాదు" అంది అవ్వ. "విత్తనం అడిగింది. విత్తనం యాడ పడతాదో చూడకుండా ఇచ్చే అలవాటు నాకు లేదు. నన్ను మిద్దెక్కిచ్చు."

"ఈ పొద్దు వద్దమ్మా."

"నిన్ను నేను మోసినంత దూరం లేదులే ఆ మిద్దె."

గొడవకు సిద్ధమై నిలబడిన మనిషి తల్లిని చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కాడు. మిగతావాళ్ళు ఏం చేయాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పైన పోసి ఉన్న రాళ్ళకుప్ప మీద ఒక గంప బోర్లించమని, దాని మీద గోనె వేయించుకుని, వీధికి ఎదురుగా, రెండు మిద్దెలకూ కనిపించేలా కూర్చుంది అవ్వ. ఇక ఆమె అక్కడ ఉన్నంతసేపు ఎవరు రాయి విసిరినా ముందు ఆమెకు తగలాలి, లేదా ఆమె కిందినుంచి తీయాలి.

నేను పరుగున ఇటు వచ్చి నారాయణప్పకు చెప్పాను. ఆయన ఎదురు మిద్దె మీద కూర్చున్న అవ్వను చూసి, కొడుకును లోపలికి పొమ్మని, తాను వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. "పోండి, మీ పని చేసుకోండి" అన్నాడు.

రామలక్ష్మి, నేను, కూలి ఆడవాళ్ళిద్దరూ పైకెక్కి రాళ్ళు పేర్చడం మొదలుపెట్టాం. రెండు ఇళ్ళకూ మాటల్లేవు కాబట్టి చెన్నమ్మవ్వ రామలక్ష్మితో మాట్లాడదు. నాతోనే అంటుంది, వీధి అంతా వినేట్టు.

"ఏమమ్మే, ఆ పిల్లకు చెప్పు, రాయి అంచు మీద పెట్టేది గాదు, అంచు మడిచి దాని మీద పెట్టల్ల."

రామలక్ష్మి పక్కనే ఉంది. వినపడింది. అయినా నేను తిరిగి, "అంచు మడిచి పెట్టమంటాంది అవ్వ" అని చెప్పాలి. ఆ పిల్ల మడిచి పెట్టి, "సరిపోయిందేమో అడుగక్కా" అంటుంది. నేను తిరిగి అడగాలి.

"సరిపోయింది. ఆ ఎర్రకోక ఆమెకు చెప్పు, నడుం వంచమని. నిలబడుకొని రాళ్ళు ఏస్తే మడి అయితాదా, గోరీ అయితాదా?"

కూలి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కింద ఎవరో తలుపు ఓరగా తీసిన చప్పుడయింది. కాసేపటికి ఇంకో తలుపు. ఎదురు మిద్దె మీద గంపలు ఒంపినవాళ్ళు పిట్టగోడకు ఆనుకుని చూస్తున్నారు. మనిషి చేయబోయే పని ఏమిటో కళ్ళతో చూస్తుంటే అనుమానం ఎంతసేపని నిలుస్తుంది? నాకు ఆ రోజు అన్నిటికన్నా వింతగా తోచినది ఇదే. అవే రాళ్ళు, అదే మిద్దె. ఒక్కో రాయి అంచు మీద కూర్చునే కొద్దీ అది రాయిగా మిగలకుండా మడికి గట్టుగా మారిపోతోంది. చూస్తున్నవాళ్ళకు ఆ మార్పు కనిపిస్తోంది.

పొద్దు వాలింది. ఆకుకూరల విత్తనాలు, అవ్వ నాకు ఇప్పించిన బీర విత్తనాలు నాటే పని మిగిలింది. రామలక్ష్మి చేతులతో మడి అంచులు తడుముకుంటూ జరగడం మొదలుపెట్టింది.

"ఆ పిల్ల ఏమి తడుముకుంటాంది?" అని అవ్వ అడిగింది. ఈసారి గొంతు పెంచలేదు.

"పొద్దు గుంకితే చూపు ఆనదవ్వా. ఐదో నెల. ఆకుకూర తినమనింది నర్సు. దానికోసరమే ఈ మడి."

చెన్నమ్మవ్వ ఆ పిల్ల చేతుల వైపు చూసింది. తర్వాత కొడుకును పిలిచింది. "రేయ్, దొడ్లో మునగాకు కొయ్యి. ఒక ఒడి నిండా కొయ్యి."

"ఎవురికి?"

"ఈ అక్క అడిగింది."

నేను అడగలేదు. వెంకటరాముడికి తెలుసు అడగలేదని. కోసుకొచ్చి, వీధిలోకి దిగిన నా ఒడిలో పోశాడు. ఆ ఇంటి తిండి ఈ ఇంటికి పోకూడదు. అవ్వ మిద్దె మీది నుంచే అంది: "యాడ వండుకుంటాదో, ఎవురితో తింటాదో నేను అడగను. ఇంగ నన్ను దించురా."

ఆ రాత్రి రామలక్ష్మి ఇంట్లో మునగాకు కూర వండాను. నారాయణప్ప తింటూ ఆకు ఎక్కడిదని అడగలేదు. ఇంకొంచెం వేయమన్నాడు.

ఆ తర్వాత

మరుసటి నెల జీతం తీసుకోవడానికి పోయినప్పుడు సారుకు ఇదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఏ ఊళ్ళోనైనా మిద్దె మీదికి ఏది ఎక్కించాలన్నా ముందు ఎదురింటికి చెప్పాలి. మన పద్ధతుల్లో మొదటిది ఇదే" అని అందరికీ చెప్పారు. ఫోటోల విషయంలో ఆయనతో నాకు చివరిదాకా పేచీ ఉన్నా, ఈ మాటకు మాత్రం ఆయనకు రుణపడి ఉంటాను. మీరు కూడా ఇది పాటించండి. ఎదురింటికి, పక్కింటికి పోండి. ఏం ఎక్కిస్తున్నారో చూపించండి. పగటిపూట ఎక్కించండి. తెల్లవారకముందు చేసే మంచి పని కూడా కొన్ని ఊళ్ళలో దొంగ పనిలాగే కనిపిస్తుంది.

రామలక్ష్మి మడిలో మెంతి, చుక్కకూర, తోటకూర బాగా వచ్చాయి. బీర ఆలస్యంగా కాసింది. కాన్పు సుఖంగా అయింది, ఆడపిల్ల. తల్లి చూపు కుదురుకుంది. అంతా ఆకుకూరల మహిమ అని నేను చెప్పను. మాత్రలూ ఉన్నాయి, నర్సు చలవా ఉంది. ఆకులో ఏముందో, మాత్రలో ఏముందో, మునగాకు పూట ఏం జరిగిందో దేవుడికి తెలుసు. నేను అందరికీ కలిపి దండం పెట్టుకున్నాను.

రెండు ఇళ్ళూ కలిసిపోయాయని రాస్తే మీకు బాగుంటుంది. అది అబద్ధం. కేసు నడిచింది. నాకు తెలిసినంతలో ఆ రెండు ఇళ్ళవాళ్ళు ఒక పంక్తిలో కూర్చుని తిన్నది లేదు. మన పని పగలు తీర్చడం కాదు, అంత శక్తి కూరాకుకు ఉందని నేను ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు తొలకరికి ముందు వెంకటరాముడి భార్య కబురు పంపింది, తమ మిద్దె మీద కూడా మడి పెట్టించమని. నేను ముందు నారాయణప్ప దగ్గరికి పోయి, "ఫలానా రోజు ఎదురింటి మీదికి రాళ్ళు ఎక్కుతాయన్నా" అని చెప్పాను. ఆయన లేచి లోపలికి పోయాడు.

ఆ రోజు పట్టపగలు ఎక్కించాం. వీధిలో ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టే ఉన్నారు కానీ అందరి కళ్ళూ నారాయణప్ప వాకిటి మీదే. ఆయన నులకమంచం మీద కూర్చుని గంప తర్వాత గంప పైకి పోవడం చూస్తున్నాడు. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. రామలక్ష్మి బిడ్డను చంకనేసుకుని వచ్చి మామగారి పక్కన నిలుచుంది.

చాలాసేపటికి ఆయన నన్ను పిలిచాడు.

"వాండ్లేమి ఏస్తాండారు?"

"బీర అన్నా."

"నడిమి గోడ నెత్తిన పెడతాండారు. ఆషాఢం గాలికి ఆడ తీగ నిలబడదు. పడమటి పిట్టగోడ అండన పెట్టుకోమని చెప్పు."

నేను పోయి చెప్పాను. ఎవరు చెప్పారని వాళ్ళు అడగలేదు. ఒక్కో రాయీ తీసి పడమటి గోడ దగ్గరికి జరిపారు.